పచ్చ గుర్తు కనబడింది, బెల్టు మాత్రం వదులుగా ఉంది: పిల్లల కార్ సీటు కంపెనీవారికి బహిరంగ లేఖ

చిన్నపిల్లల కార్ సీట్లు తయారుచేసే కంపెనీవారికి,

నమస్కారం.

ఈ లేఖలో మీ కంపెనీ పేరు రాయడం లేదు. రాస్తే ఇది మీకూ నాకూ మధ్య గొడవగా మిగిలిపోతుంది. ఇలాంటి సీట్లు చేసే మిగతా కంపెనీలవాళ్లూ చదవాలి, కొనబోయే తల్లిదండ్రులూ చదవాలి. మీ కస్టమర్ కేర్‌కి ఇప్పటికే ఆరు మెయిళ్లు పెట్టాను కాబట్టి రాస్తున్నది ఎవరో మీకు ఇట్టే తెలిసిపోతుంది.

ముందు మీకు చెప్పాల్సిన కృతజ్ఞత ఒకటుంది. మా పెద్దమ్మాయికి ఏడాది నిండాక, 2018లో, మీ పాత మోడల్ సీటు కొన్నాం. 9 నుంచి 18 కిలోల పిల్లలకని దాని మీద రాసి ఉండేది. కారు బెల్టుతోనే బిగించుకోవాలి. బెల్టు ఎక్కడ దూర్చాలో అక్కడ ఎర్ర రంగు వేశారు. ఆ రంగు వెంట బెల్టు పోనిచ్చి, సీటు మీద మోకాలు ఆనించి లాగితే కదలకుండా కూర్చునేది. అంతే పని. అప్పట్లో మా అత్తయ్యగారికి ఆ సీటంటే అసలు ఇష్టం లేదు. "పసిపిల్లని అలా కట్టిపడేస్తారా, ఒళ్లో పెట్టుకుంటే పోయేదానికి" అని బాధపడేవారు. ఒకసారి తెనాలి వెళ్తుంటే నకిరేకల్ దాటాక రోడ్డుకి అడ్డంగా గేదె వచ్చింది. మా ఆయన బ్రేకు మీద లేచి నిలబడ్డంత పని చేశారు. అత్తయ్యగారి చేతిలో ఉన్న నీళ్ల సీసా ఎగిరి ముందు అద్దానికి తగిలింది. మేమందరం ముందుకి తూలాం. పాప మాత్రం కూర్చున్నది కూర్చున్నట్టే ఉండి, బిస్కెట్టు కింద పడిపోయిందని ఏడ్చింది. ఆ రోజు తర్వాత ఒడి మాట అత్తయ్యగారు మళ్లీ ఎత్తలేదు. సరికదా, మా ఆడపడుచుకి ఫోన్ చేసి, సీటు లేకుండా పిల్లని కారెక్కించొద్దని ఆవిడే చెప్పారు.

అందుకే చిన్నోడికి సీటు కావాల్సి వచ్చినప్పుడు వేరే కంపెనీ వైపు చూడలేదు. పాత సీటు మీద వేసిన వాడకం గడువు అయిపోయింది. ఎండలో అన్నేళ్లు ఉన్న ప్లాస్టిక్‌ని నమ్మకూడదని మీ పుస్తకంలోనే చదివాం కాబట్టి ఎవరికీ ఇవ్వకుండా, బెల్టులు కోసేసి పాతసామాన్లవాడికి వేశాం. పోయిన దసరా ముందు అదే సీటు ఇంకోటి కొందామని వెళ్తే, ఆ మోడల్ రావడం లేదు, దాని బదులు ఇది వచ్చిందని కొత్తది చూపించారు. 32 వేలు. పాతదానికి మూడింతలు. గుండ్రంగా తిరుగుతుంది, ఐసోఫిక్స్ కొక్కేలతో కారుకి నేరుగా తగులుకుంటుంది, కింద నేలకి ఆనే కాలు ఉంటుంది. పక్కల నుంచి గుద్దినా కాపాడుతుందన్నారు, పదిహేను నెలలు నిండేదాకా పిల్లని వెనక్కి తిప్పే కూర్చోబెట్టాలనే కొత్త నిబంధన ప్రకారం చేశామన్నారు. ఇవన్నీ మంచివే. వాటిని నేను కాదనడం లేదు. బిడ్డ క్షేమం అనుకున్నాక మూడింతల ధరకి కూడా వెనకాడలేదు.

కొన్న నెలకే అర్థమైంది, ఆ సీటుని మీరు తయారుచేశారు గానీ రోజూ అందులో పిల్లాడిని కూర్చోబెట్టే మనిషిని తలుచుకోలేదని.

చిన్న విషయంతో మొదలుపెడతాను. పాత సీటుకి రెండు పక్కలా చిన్న ఎలాస్టిక్ ఉచ్చులు ఉండేవి. పాపని దింపేటప్పుడు భుజాల బెల్టులు వాటికి తగిలిస్తే మళ్లీ కూర్చోబెట్టేదాకా పక్కకి తెరుచుకునే ఉండేవి. కొత్తదానికి అవి తీసేశారు. ఇప్పుడు బెల్టులు సీటులోకి జారిపడతాయి. పిల్లాడు వాటి మీద కూర్చుంటాడు. వాడిని ఒక చేత్తో లేపి పట్టుకుని, ఇంకో చేత్తో వాడి కింది నుంచి బెల్టులు ఒక్కొక్కటీ పైకి లాగాలి. నడుము దగ్గరి బకిల్ కూడా వాడి కిందే ఉంటుంది. మే నెల మధ్యాహ్నం అయితే ఆ బకిల్ ఇనప ముక్కలు కాలుతుంటాయి. తొడకి తగిలి ఒకసారి కెవ్వుమన్నాడు. అప్పటి నుంచి బండి దిగేముందు దాని మీద తడి తువ్వాలు కప్పి వెళ్తున్నాను. రెండు రూపాయల ఎలాస్టిక్ ముక్క అది. 32 వేల సీటులో దానికి చోటు లేకుండా పోయింది.

ఇక బెల్టు బిగించడం. ఈ లేఖ రాయడానికి అసలు కారణం అదే.

మా మామయ్యగారు కరెంటు శాఖలో లైన్ ఇన్‌స్పెక్టర్‌గా చేసి రిటైరయ్యారు. ఏ జాయింటునైనా చేత్తో లాగి చూసేదాకా నమ్మని మనిషి. గ్యాస్ సిలిండర్ మార్చినా, గేటు గడియ పెట్టినా రెండుసార్లు లాగి చూస్తారు. సంక్రాంతికి తెనాలి బయల్దేరుతూ తెల్లవారుజామున ఐదింటికి చిన్నోడిని సీటులో కూర్చోబెట్టింది ఆయనే. దళసరి బట్టల మీద బెల్టు వేస్తే లోపల ఖాళీ మిగిలిపోతుందని మాకు తెలుసు. అందుకని స్వెట్టర్ తీసేసి, బెల్టు వేశాక పైన దుప్పటి కప్పాం. భుజాల బెల్టుల్ని బిగించడానికి సీటు ముందు వైపు ఉన్న పట్టీని మామయ్యగారు, స్తంభం మీద తీగ లాగినట్టు, పళ్లు బిగించి లాగారు. అది ఇక రాను అన్నట్టు ఆగిపోయింది. సీటు అడుగున పచ్చ గుర్తులు మూడూ కనబడుతున్నాయి. "గట్టిగా ఉందమ్మా, పద" అన్నారు.

పంతంగి టోల్‌గేటు దాటాం, కొర్లపహాడ్ టోల్‌గేటు దాటాం. వంద కిలోమీటర్ల పైనే వచ్చాక టిఫిన్‌కి ఆగి, నేను దుప్పటి తీశాను. చిన్నోడి కుడి చెయ్యి బెల్టులోంచి పూర్తిగా బయట ఉంది. ఎడమ బెల్టుకీ వాడి ఛాతీకీ మధ్య నా పిడికిలి దూరింది. దూరి, ఇంకా అటూ ఇటూ కదిలింది. భుజం దగ్గర బెల్టుని రెండు వేళ్లతో గిల్లితే మడత పడకూడదు కదా. ఇక్కడ మడత కాదు, పిల్లాడే జారి వచ్చేలా ఉన్నాడు. పచ్చ గుర్తులు మూడూ అలాగే ఉన్నాయి.

ఎలా జరిగిందో ఇంటికొచ్చాక నాలుగు రోజులు కూర్చుని చూశాను. భుజాల బెల్టులకి తొడిగిన మీ కొత్త దిండ్ల వెనక రబ్బరు అతికించారు. పట్టీ లాగినప్పుడు ఆ దిండు పైకి పోయి, బెల్టు దూరే కంతకి అడ్డంపడి ఇరుక్కుంటుంది. చేతికి బిగుసుకున్నట్టే తెలుస్తుంది. నిజానికి బిగుసుకున్నది దిండు. బెల్టులో మిగిలిన వదులంతా నడుము దగ్గరే ఉండిపోతుంది. పిల్లాడు అరగంట మెలికలు తిరిగాక దిండు జారి కిందకి వస్తుంది, ఆ వదులంతా ఛాతీ మీదకి చేరుతుంది. నేను పదిసార్లు చేసి చూస్తే ఆరుసార్లు ఇలాగే అయింది. ముందు నడుము దగ్గర బెల్టుని చేత్తో పైకి లాగి, దిండ్లని కిందకి పట్టుకుని, అప్పుడు పట్టీ లాగితే సరిగ్గా వస్తుంది. ఈ పనికి మూడు చేతులు కావాలి. పట్టీ కొస ఏమో సీటు తిప్పినప్పుడల్లా అడుగుకీ సీటుకీ మధ్య సందులో పడి నలుగుతుంది.

ఆ పచ్చ గుర్తుల సంగతి కూడా చెప్పాలి. వాటిలో రెండు కొక్కేలు తగులుకున్నాయని చెబుతాయి, ఒకటి కాలు నేలకి ఆనిందని చెబుతుంది. అంటే సీటు కారుకి అతుక్కుందని మాత్రమే. పిల్లాడు సీటుకి అతుక్కున్నాడా లేదా అన్నది అవి చెప్పవు. కానీ పచ్చ కనబడితే అంతా సరిగ్గా ఉందని ఎవరైనా అనుకుంటారు. సిగ్నల్ దగ్గర పచ్చ అంటే పొమ్మనే కదా. మీ అట్టపెట్టె మీద కూడా పెద్ద అక్షరాలతో, పచ్చ చూసి బయల్దేరండి అన్న అర్థం వచ్చేలాగే రాశారు.

ఆ రోజు మామయ్యగారు ఏమీ మాట్లాడలేదు. తెప్పించిన టీ తాగలేదు. నేను బిగిస్తుంటే పక్కన నిలబడి చూశారు. తెనాలి చేరేదాకా వెనక్కి తిరిగి చూస్తూనే ఉన్నారు. అప్పటి నుంచి చిన్నోడిని ప్లేస్కూల్‌కి దింపడానికి వెళ్లేముందు ఆయన సీటు ముట్టుకోరు. వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి, "అమ్మా, నువ్వొకసారి వచ్చి పెట్టు" అంటారు. ముప్పై ఏళ్లు స్తంభాలెక్కి ఊళ్లకి కరెంటు ఇచ్చిన మనిషి. తన మనవడి బెల్టు పెట్టడం తనకి చేతకాదని అనుకుంటున్నారు. నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది ఇదే. మధ్యాహ్నం ప్లేస్కూల్ వదిలాక నేను ఆఫీసులో ఉంటాను. అక్కడ బెల్టు ఎవరు పెట్టాలి? ఆ ఆయమ్మ పెడుతోంది. ఆవిడకి మీ సీటు గురించి ఏం తెలుసు?

ఇదంతా మీ కస్టమర్ కేర్‌కి ఫొటోలతో, వీడియోతో పంపాను. వారం తర్వాత ఫోన్ వచ్చింది. "మేడమ్, మా టీమ్ చెక్ చేసింది, ప్రొడక్ట్‌లో డిఫెక్ట్ ఏమీ లేదు, ఇది యూజర్ ఎర్రర్" అన్నారు. మాట్లాడిన అబ్బాయిని తప్పుపట్టను, అతనికి రాసిచ్చింది అతను చదివాడు. రాసిచ్చిన మిమ్మల్ని అడుగుతున్నాను. ప్రతిదీ లాగి చూసే మనిషి, బలమంతా పెట్టి లాగి, గుర్తులన్నీ చూసుకుని, అయినా తప్పు చేస్తే, ఆ తప్పు ఆయనదా? అమెరికాలో రోడ్డు భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్ఏ లెక్క ప్రకారం అక్కడ పిల్లల కార్ సీట్లలో 46 శాతం ఏదో ఒక రకంగా తప్పుగా వాడుతున్నారు. సీటు బిగించి చూపించడానికి శిక్షణ పొందినవాళ్లు దొరికే దేశంలో పరిస్థితి అది. ఇంతమంది చేస్తున్న తప్పుని వాడేవాళ్ల తప్పు అని రాసి ఫైలు మూసేయడం మీకు న్యాయమనిపిస్తోందా?

వదులుగా ఉంటే ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. అయినా చదివే తల్లిదండ్రుల కోసం లెక్క రాస్తాను. 50 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు దేన్నైనా గుద్ది సెకనులో పదో వంతులో ఆగిపోయిందనుకోండి. 12 కిలోల మా చిన్నోడు ఆ క్షణంలో 170 కిలోల బరువున్నట్టు ముందుకి పోతాడు. బెల్టు ఒంటిని పట్టుకుని ఉంటే కారుతోపాటే ఆగుతాడు. పిడికిలి పట్టేంత సందుంటే, ఆ సందంతా ఊపుగా వెళ్లి ఒక్కసారిగా బెల్టుకి తగులుతాడు, లేకపోతే పైనుంచి జారిపోతాడు. మీరు ల్యాబులో బొమ్మని పెట్టి పరీక్ష చేసినప్పుడు దాని బెల్టు బిగించేది రోజంతా అదే పని చేసే ఇంజనీరు. ఆ బొమ్మ మెలికలు తిరగదు, ఏడవదు, చెయ్యి బయటికి లాక్కోదు. దాని కింద బెల్టులు పడి ఉండవు. వెనకాల బండివాళ్లు హారన్ కొడుతుండరు.

ఉతకడం గురించి క్లుప్తంగా చెప్తాను, తలుచుకుంటేనే నీరసం వస్తుంది. దారిలో వాంతి చేసుకోవడం పిల్లలకి మామూలు. చిన్నోడు పెరుగన్నం మొత్తం సీటు మీద కక్కాడు. పాత సీటు గుడ్డ నాలుగు కొక్కేలు తీస్తే చేతికొచ్చేది. కొత్తదాని గుడ్డ రావాలంటే భుజం బెల్టులు వెనక నుంచి మొత్తం ఊడదీయాలట. రాత్రి పదకొండింటికి హాల్లో నేల మీద సీటుని బోర్లా వేసి, ఫోన్ టార్చి నోట్లో కరుచుకుని, ఏ బెల్టు ఏ కంతలోంచి వచ్చిందో ఫొటోలు తీసుకుంటూ ఊడదీశాను. ఆరాక మళ్లీ ఎక్కిస్తే ఒకటి మెలిక పడింది. మళ్లీ తీసి మళ్లీ వేశాను. ప్రాణాలు నిలబెట్టే బెల్టుని, కక్కు కడగడం కోసం ఒక తల్లి నిద్రమత్తులో ఊడదీసి మళ్లీ కట్టాల్సి రావడం ఏమిటండీ?

ఆ రాత్రి మీ పుస్తకం తెరిచి చూశాను. ఇరవైకి పైగా భాషలున్నాయి. నేనెప్పుడూ వినని దేశాల భాషలున్నాయి. తెలుగు లేదు, హిందీ లేదు, మన దేశపు భాష ఒక్కటి కూడా లేదు. బొమ్మలు చూసి చేసుకోమన్నారు. ఆ బొమ్మల్లో దిండు ఇరుక్కుంటుందన్న సంగతి లేదు. అది ఇంగ్లీషులో 41వ పేజీలో, చిన్న అక్షరాల్లో ఒక్క వాక్యంగా ఉంది. మామయ్యగారు తెలుగు పేపర్ మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదువుతారు. ఆ వాక్యం తెలుగులో ఉండి ఉంటే ఆయన కంట పడకుండా పోయేది కాదు. ఏ కార్లలో ఈ సీటు సరిపోతుందో మీరు ఇచ్చిన జాబితాలో కూడా ఇక్కడ అమ్మని కార్లు బోలెడున్నాయి, మా కారు లేదు. సీటు 15 కిలోలు తూగుతోంది. సీటూ పిల్లాడూ కలిపి 33 కిలోలు దాటకూడదని ఈ రకం సీట్లకి నిబంధన ఉందని తర్వాత తెలిసింది. అంటే మా వాడికి మిగిలేది 18 కిలోలే. కొనేటప్పుడు ఈ లెక్క మాకు ఎవరూ చెప్పలేదు.

కార్ సీటు గురించి బాధపడటం డబ్బున్నవాళ్ల బాధ అని కొందరు అనుకోవచ్చు. మా వీధిలోనే తల్లీతండ్రీ మధ్య నలిగి స్కూటర్ మీద వెళ్లే పిల్లల్ని రోజూ చూస్తున్నాను, వాళ్లని చూస్తే గుండె ఝల్లుమంటుంది. కానీ కార్లున్న ఇళ్లల్లో కూడా సీటు కొనేవాళ్లు ఇంకా తక్కువే. 2019లో మోటారు వాహనాల చట్టానికి 194బి సెక్షన్ చేర్చారు. 14 ఏళ్లలోపు పిల్లలకి బెల్టో, పిల్లల సీటో లేకుండా కారు నడిపితే 1000 రూపాయల జరిమానా. 2023లో కార్లని గుద్దించి పరీక్షించే భారత్ ఎన్‌క్యాప్ వచ్చాక కార్లకి పెద్దల రక్షణతో పాటు పిల్లల రక్షణకీ విడిగా స్టార్లు ఇస్తున్నారు. జనం ఇప్పుడిప్పుడే అడగడం మొదలుపెట్టారు. మా అపార్ట్‌మెంట్‌లో నన్ను చూసి ఇద్దరు సీటు కొన్నారు. అందులో ఒకావిడ రెండు నెలలకే తీసి బాల్కనీలో పడేసింది. "రోజూ ఈ టెన్షన్ ఎవరు పడతారక్కా, ఒళ్లో కూర్చోబెట్టుకుంటున్నా" అంది. మా అత్తయ్యగారి చేత గేదె మాన్పించిన అలవాటుని మీ బకిల్ ఆ ఇంట్లోకి మళ్లీ తీసుకొచ్చింది.

నాకు డబ్బు వెనక్కి అక్కర్లేదు. దిండు వెనక రబ్బరు తీసేయండి, లేదా కంతలో ఇరుక్కోకుండా మార్చండి. ఇప్పటికే కొన్నవాళ్లకి మార్చిన దిండ్లు ఉచితంగా పంపండి. దీన్ని మిగతావాటితో కలిపి చూడకండి, ఇది ఆగే విషయం కాదు. ఆ ఎలాస్టిక్ ఉచ్చులు తిరిగి పెట్టండి. గుడ్డ తీయడానికి బెల్టు ఊడదీయాల్సిన అవసరం లేని పద్ధతి మీ దగ్గరే ఉండేది, మీ పాత మోడల్‌లోనే. తెలుగులో, మిగతా మన భాషల్లో రెండు పేజీల కాగితం చాలు. ముందు నడుము దగ్గర లాగండి, తర్వాత దిండు పట్టుకోండి, తర్వాత పట్టీ లాగండి, చివర గిల్లి చూడండి. ఆ నాలుగు ముక్కలు సీటు పక్కనే, పిల్లాడిని కూర్చోబెట్టేటప్పుడు కంటికి కనబడేచోట అతికించండి. పచ్చ గుర్తు దేనికో, దేనికి కాదో అక్కడే రాయండి. అమెరికాలో సీటు వాడటం ఎంత సులువో చూసి కూడా స్టార్లు ఇస్తారు. పుస్తకం అర్థమవుతుందా, లేబుళ్లు స్పష్టంగా ఉన్నాయా, పిల్లని కూర్చోబెట్టడం తేలికేనా అని విడివిడిగా చూస్తారు. మన దగ్గర కొనేవాళ్లు చూసుకోవడానికి అలాంటి మార్కులు నాకు ఎక్కడా కనబడలేదు. ఎవరో వచ్చి అడిగేదాకా ఆగకుండా ఆ పరీక్ష మీరే పెట్టుకోండి. ఇంజనీర్లతో వద్దు. తాతయ్యలతో, అమ్మమ్మలతో, ప్లేస్కూల్ ఆయమ్మలతో పెట్టుకోండి.

ఈ లేఖకి ఫోన్‌లో సారీ చెప్పొద్దు. కూపన్ పంపొద్దు. హైదరాబాద్‌లో మీకు ఆఫీసు ఉంది, మా ఇంటికి గంట దూరం. సీటు గీసినవాళ్లలో ఒకరిని పంపండి. ఆదివారం తప్ప ఏ రోజైనా పర్వాలేదు. ఉదయం ఎనిమిదింపావుకి మా కారు గేటు దాటుతుంది, ఎనిమిదికల్లా వస్తే చాలు. మామయ్యగారు బెల్టు పెడుతుంటే పక్కన నిలబడి చూడండి, మధ్యలో ఏమీ చెప్పకండి. ఆయన అయిందన్నాక మీరే వంగి, చిన్నోడి భుజం దగ్గర గిల్లి చూడండి.

ఇట్లు,
మీ పాత సీటులో ఒక బిడ్డనీ, కొత్త సీటులో ఇంకో బిడ్డనీ కూర్చోబెట్టిన ఒక తల్లి,
నిజాంపేట, హైదరాబాద్